నృత్యం నేర్పేవారికి భద్రతలో శిక్షణ కావాలి

సంపాదకులకు,

అయ్యా,

రుక్మిణీదేవి అరుండేల్ 1936లో భరతనాట్యం నేర్పే కళాక్షేత్రను, వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన నగరం మన చెన్నై. ఆ సంస్థల్లో నేర్చుకున్నవారూ, వారి దగ్గర నేర్చుకున్నవారూ ఇవాళ టి.నగర్, కోడంబాక్కం, సాలిగ్రామం వీధుల్లో ఇళ్లలోనూ, మేడల మీదా, అపార్ట్‌మెంట్ల కింద కార్లు నిలిపే చోటా తరగతులు నడుపుతున్నారు. మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడే గజ్జె కడుతున్నారు. ఆ గురువుల విద్వత్తును నేను ప్రశ్నించడం లేదు. జతులు (లయకు పలికే పలుకులు), అభినయం, నట్టువాంగం (తాళాలు వాయిస్తూ నృత్యాన్ని నడిపించడం) వారికి కొట్టిన పిండి. అయితే ఎదుగుతున్న పిల్లల శరీరం ఎంత శ్రమను ఓర్చుకుంటుంది, దెబ్బ తగిలితే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి, పిల్లల రక్షణకు సంబంధించి చట్టం గురువు నుంచి ఏం కోరుతుంది అన్న విషయాలు వారిలో చాలామందికి ఎవరూ నేర్పలేదు. ఆ శిక్షణ ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వమూ, నృత్య కార్యక్రమాలు నిర్వహించే సభలూ కలిసి చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా చెల్లెలి కూతురికి పదకొండేళ్లు. తను వెళ్లే తరగతి ఒక అపార్ట్‌మెంటు కింది అంతస్తులో, కాంక్రీటు మీద పరిచిన టైల్స్ నేల మీద జరుగుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకుని, ఒళ్లు వేడెక్కకముందే అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, మూడు కాలాల్లోనూ (మూడు వేగాల్లోనూ) ‘అడవు’లనే ప్రాథమిక అడుగులు మొదలుపెడతారు. అరచేయంత చెక్క మీద కర్ర మోగుతుంటే ఇరవై జతల ఉత్తి పాదాలు టైల్స్ మీద పడే చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఈ పిల్ల కొన్నాళ్లుగా మోకాలి కింద ముందెముక నొప్పి అంటూ మెట్టు మీద కూర్చుని నిమురుకునేది. మొదట్లో అందరికీ నొప్పులుంటాయి, చేస్తూ ఉంటే పోతాయని చెప్పి మళ్లీ వరుసలో నిలబెట్టేవారు. చివరికి స్కాన్‌లో ఎముకకు సన్నటి పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, ఉందని తేలింది. ఆ గురువుది దురుద్దేశం కాదు, తాను నేర్చుకున్న రోజుల్లో తనకు చెప్పిన మాటే తనూ చెప్పారు. ఆ మాట తరం నుంచి తరానికి అలాగే అందుతూ రావడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

ఇందులో పెద్ద వైద్య రహస్యం ఏమీ లేదు. అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకోవాలంటే ఆ తిప్పడం తుంటి కీలు దగ్గర జరగాలి. తుంటి అంతగా తిరగని పిల్లను పాదాలు మాత్రం పక్కకు పెట్టి కూర్చోమంటే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది, అరికాలి వంపు కుంగుతుంది. కింద ఖాళీ ఉండి కాస్త ఊగే చెక్క నేల పాదం దెబ్బను కొంత తాను తీసుకుంటుంది, కాంక్రీటు మీది టైల్స్, మార్బుల్ అలా తీసుకోవు కాబట్టి ఆ దెబ్బంతా ఎముకకే చేరుతుంది. పైగా ఆడపిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే వయసు, అరంగేట్రానికి సాధన గంటలు పెంచే వయసు తరచుగా ఒకటే అవుతుంది. రోజూ నొప్పి ఒకే చోట వస్తున్నా, రాత్రి నిద్రలో మెలకువ తెప్పిస్తున్నా అది అలవాటైపోయే నొప్పి కాదని గుర్తించడం ఏ గురువుకైనా రెండు మూడు పూటల్లో నేర్పవచ్చు.

ఇదంతా పాశ్చాత్యుల దగ్గర తెచ్చుకున్న సుకుమారం అనేవారు నాట్యశాస్త్రాన్నే తిరగేయాలి. రంగశీర్షం, అంటే రంగస్థలంలోని ఒక భాగం, తాబేటి వీపులా గానీ చేప వీపులా గానీ ఉండకూడదనీ, శుభ్రమైన అద్దంలా సమంగా ఉండాలనీ భరతుడు నేల గురించి చెప్పాడు. వ్యాయామానికి ముందు ఒంటికి నూనె మర్దన చేయాలనీ, దాహంతో ఉన్నవారి చేతా అతిగా తిన్నవారి చేతా వ్యాయామం చేయించకూడదనీ చెప్పాడు. మే నెల చెన్నై ఉక్కలో, మధ్యలో మంచినీళ్లకు కూడా వదలకుండా రెండు గంటలు చేయించడం ఏ సంప్రదాయమో నాకు తెలియదు.

భద్రత అంటే ఎముకలు, కండరాలు మాత్రమే కాదు. నాట్యంలో భంగిమ సరిదిద్దాలంటే నడుమో భుజమో తాకవలసి వస్తుంది. తాకే ముందు చెప్పి, అడిగి తాకడం, ఒక్క పిల్లతో తలుపు మూసి తరగతి నడపకపోవడం, తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటామంటే అడ్డు చెప్పకపోవడం గురువుకూ రక్షణే. పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఒక పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆ బాధ్యత తమ మీదా ఉందని ఇంట్లో పది మంది పిల్లలకు నేర్పే గురువుల్లో ఎందరికి తెలుసు? పిల్లల సహాయవాణి 1098 నంబరు ఎన్ని తరగతుల గోడ మీద కనిపిస్తుంది?

యోగా నేర్పేవారికి ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద సర్టిఫికేషన్ బోర్డు ఉంది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి క్రీడా శిక్షకులను తయారుచేస్తోంది. నాట్యం కూడా శరీరంతో చేసే కఠిన సాధనే అయినప్పుడు, దాన్ని నేర్పేవారికి అటువంటి ఆసరా ఎందుకు ఉండకూడదు? చెన్నైలోనే రాజా అన్నామలైపురంలో సంగీత, లలిత కళల విశ్వవిద్యాలయం ఉంది, గిండీలో డాక్టర్ ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం ఉంది. రెండూ కలిసి ఒక చిన్న కోర్సు రూపొందించవచ్చు. నాట్యం తెలిసిన ఫిజియోథెరపిస్టులు, అనుభవమున్న గురువులు, పిల్లల హక్కుల న్యాయవాదులు అందులో పాఠాలు చెప్పాలి. ఆ పాఠాలు తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి, ఆదివారాల్లో జరగాలి, రుసుము నామమాత్రంగా ఉండాలి.

దీన్ని లైసెన్సుగా మార్చవద్దని నా మనవి. అలా చేస్తే పెద్ద సంస్థలు కాగితాలు సంపాదించుకుంటాయి, నెలకు కొద్దిపాటి రుసుముతో ఇల్లు గడుపుకునే వృద్ధ గురువులు తరగతులు మూసుకోవలసి వస్తుంది. కళలో ఎవరికీ పరీక్ష పెట్టనక్కరలేదు. ఏ గురువు దగ్గర ఏ బాణీ నేర్చుకున్నారో అడగనక్కరలేదు. మార్గళి సీజన్‌లో, అంటే డిసెంబరు, జనవరి నెలల సంగీత నృత్యోత్సవాల్లో, పిల్లల కార్యక్రమాలకు వేదిక ఇచ్చే సభలు శిక్షణ పూర్తి చేసిన గురువుల శిష్యులకు ముందు అవకాశం ఇస్తామని ప్రకటిస్తే చాలు, చాలామంది తమంతట తామే వస్తారు.

కొత్త పిల్లలు ఎక్కువగా చేరేది విజయదశమికి. మొదటి విడత శిక్షణ ఆ లోపలే మొదలైతే బాగుంటుంది. మా అపార్ట్‌మెంటు సంఘం తన సమావేశపు హాలును ఆదివారం ఉదయాల్లో అద్దె లేకుండా ఇవ్వడానికి ఒప్పుకుంది. విశ్వవిద్యాలయాల అధికారులు గానీ సభల కార్యదర్శులు గానీ ముందుకు వస్తే తాళాలు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాం.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
సాలిగ్రామం, చెన్నై