ఆ రోజు నిచ్చెన పట్టుకున్న వాళ్ళందరికీ

ఎడమ అరచేతిలో వేసిన ఆరు కుట్లు నిన్న తీసేశారు. రెండు చేతులతో టైపు చెయ్యగలుగుతున్నాను కాబట్టి, రెండు వారాలుగా వాయిదా వేస్తున్న కృతజ్ఞతలు ఇవాళ చెప్పేస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. చెప్పుకోవాల్సిన మనుషులు చాలామంది ఉన్నారు మరి.

మేం ఉండేది నార్త్ కరోలైనాలో, రాలీ పక్కనున్న కేరీలో. మా వీధి అంతా లాబ్లాలీ పైన్ చెట్లే. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి సూదుల్లాంటి పొడుగాటి ఆకులు గోధుమరంగుకి తిరిగి రాలడం మొదలవుతుంది. వేరే చెట్ల ఆకులైతే కొన్నయినా గాలికి ఎగిరిపోతాయి. ఈ పైన్ ఆకు అలా పోదు. ఇంటి కప్పు అంచున వాన నీళ్ళు పట్టే గట్టర్లో పడి, ఒకదాన్నొకటి అల్లుకుని, గిజిగాడి గూడులా గట్టిపడి, కిందికి దిగే గొట్టం మూతిని మూసేస్తుంది. ఇక వాన నీళ్ళు గట్టరు అంచు మీంచి పొర్లి నేరుగా పునాది పక్కన పడతాయి. మా ఇంటి ఫ్లోరు కింద క్రాల్ స్పేస్ ఉంది, అంటే మనిషి పాక్కుంటూ వెళ్ళేంత ఖాళీ. అందులోంచి ముక్కిన వాసన వస్తోందని మా ఆవిడ నెల రోజులుగా చెబుతూనే ఉంది. "ఎవరినైనా పిలిపించండి" అని కూడా అంది. రెండు గంటల పనికి డబ్బులెందుకని నేనే దిగాను. ఆ మిగిల్చిన డబ్బుకి ఎన్ని రెట్లు కుట్లకి కట్టానో ఇక్కడ రాయను, ఆవిడ కూడా ఇది చదువుతుంది.

శనివారం ఉదయం. ముందు రోజు రాత్రంతా వాన. గరాజ్ సేల్లో కొన్న అల్యూమినియం నిచ్చెన తీసుకెళ్ళి ఇంటి ముందువైపు గట్టరుకి ఆనించాను. నేల 18 అడుగుల కింద. ఇక్కడ నేను చేసిన తప్పులు ఒకటి రెండు కాదు. గోడ పక్కన అజేలియా పొదలు ఉన్నాయని నిచ్చెన కాళ్ళని బాగా లోపలికి జరిపేశాను, దాంతో నిచ్చెన దాదాపు నిటారుగా నిలబడింది. కుడి పక్క నేల పల్లంగా ఉందని ఆ కాలు కింద రెండు చెక్కముక్కలు పెట్టాను. ఆ చెక్కల కింద పరిచి ఉన్నది పైన్ గడ్డి (ఎండిన పైన్ ఆకులే), దాని కింద తడిసిన ఎర్రమట్టి. మా ఊళ్ళో అలాంటి ఎర్రనేల మీద వాన పడితే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళం. ఆ సంగతి నిచ్చెనకి మాత్రం వర్తించదనుకున్నాను కాబోలు.

అన్నిటికన్నా పెద్ద తప్పు, నిచ్చెన తలని గట్టరుకి ఆనించడం. గట్టరు చూడ్డానికి దూలంలా కనిపిస్తుంది గానీ, అది ఒక మిల్లీమీటరు మందం కూడా లేని రేకు. పైగా నున్నటి పెయింటు. దాని మీద నిచ్చెన పక్కనుండే అల్యూమినియం కమ్మీ ఆనిస్తే గాజు మీద గాజు పెట్టినట్టే, పక్కకి జారడానికి అడ్డేమీ ఉండదు.

గొట్టం మూతి దగ్గర ముద్ద కనిపిస్తూనే ఉంది, చేతికి జానెడు దూరంలో. అదొక్కటి లాగేస్తే అయిపోతుంది, దిగి నిచ్చెన జరపడమెందుకని కుడి పక్కకి బాగా వంగాను. చెక్కముక్కలు మట్టిలోకి దిగిపోయాయి. నిచ్చెన ఎడమ కాలు నేల విడిచి పైకి లేచింది. పైన కమ్మీలు గట్టరు వెంట కుడి వైపుకి గీరుకుంటూ జారుతున్నాయి. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. నేను ఎడం చేత్తో గట్టరు అంచు పట్టుకుని వేలాడాను. చెయ్యి తెగినట్టు కూడా తెలియలేదు, నెత్తురు మోచేతి మీంచి కారుతుంటే చూశాను.

ఎదురింటి పెద్దాయన అప్పుడు తన వాకిట్లో ఆకులు ఊదుకుంటున్నాడు. ఆయనకి 70 దాటి ఉంటాయి. మూడేళ్ళుగా చెయ్యి ఊపుకోవడం తప్ప మా మధ్య పెద్ద మాటల్లేవు. బ్లోయరు అక్కడే పడేసి రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. నా వైపు చూడలేదు, అరవలేదు. ముందు లేచిన ఎడమ కాలి మీద తన బరువంతా వేసి దాన్ని నేలకి దించాడు, బూటు అడ్డం పెట్టాడు, భుజం ఆనించాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటి ముందు పార్సెల్ బండి ఆగింది. అది నడుపుతున్న అమ్మాయి పెట్టె కింద పెట్టేసి వచ్చి కుడి కమ్మీ పట్టుకుంది. కింద నుంచి పెద్దాయన గొంతు ఒక్కటే వినిపించింది. "గట్టరు వదలొద్దు. ముందు ఎడమ కాలు, ఒక మెట్టు. ఆగు. ఇప్పుడు కుడి కాలు." అలా పద్నాలుగు మెట్లు. ప్రతి మెట్టుకీ ఆగమన్నాడు. నేల తగిలాక నా కాళ్ళు వణికాయి, పైన వణకలేదు.

ఆ అమ్మాయి నా చేతికి తన నీళ్ళ సీసాతో నీళ్ళు పోసి, టవల్ చుట్టి, టైమైపోతోందంటూ వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు. తెలుగు రాని ఆ పిల్లకి ఇది చేరే దారి లేదని తెలుసు. అయినా మొదటి దండం తనకే.

అర్జంట్ కేర్‌లో కుట్లు వేసిన నర్సుకి కూడా. టెటనస్ సూది గుచ్చుతూ, ఈ సీజన్లో గట్టర్ల దగ్గర దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్ళ గురించి ఏదో సరదాగా చెబుతూ, నేను చేతి వంక చూడకుండా చేసింది.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష. మా మావయ్యగారు అప్పుడే నిద్రలేచారు. ఆయన పశ్చిమ గోదావరిలో కరెంటు డిపార్టుమెంటులో 30 ఏళ్ళు పనిచేసి లైన్‌మన్‌గా రిటైరయ్యారు. మమ్మల్ని చూడ్డానికి వచ్చి నాలుగు నెలలైంది. ఆయన పడుకుని ఉన్నారు కదా, లేపడం ఎందుకని నేనొక్కణ్ణే వెళ్ళాను. నిజం చెప్పాలంటే లేపడం ఎందుకని కాదు, మొహమాటం. మావగారిని నిచ్చెన పట్టుకోమని ఎలా అడుగుతాం? కట్టు చూసి ఆయన ఒకటే మాటన్నారు. "నిచ్చెన కింద నిలబడ్డానికి 30 ఏళ్ళు జీతం తీసుకున్నవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఒక్కరే ఎక్కారా అల్లుడుగారూ?" ఆ తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు. కాఫీ కప్పు కూడా మా ఆవిడ చేతికే ఇచ్చారు.

మూడో రోజు ఎదురింటి పెద్దాయనే మా గుమ్మంలోకి వచ్చాడు. పని చేసిన రోజుల్లో ఇళ్ళకి సైడింగు (గోడల బయట బిగించే పలకలు), గట్టర్లు వేసేవాడట. నా నిచ్చెన తిరగేసి దాని మీదున్న స్టిక్కరు చూపించాడు. టైప్ మూడు, మొయ్యగలిగే బరువు 200 పౌండ్లు. నా ఒంటి బరువే 185. బూట్లు, బకెట్టు, అందులో తడి ఆకు కలిపితే నేను ఆ గీత ఎప్పుడో దాటేశాను. అసలు అలాంటి అంకె ఒకటి ఉంటుందనే నాకు తెలీదు. తన దగ్గర 300 పౌండ్ల నిచ్చెన ఉందని, శనివారం వస్తానని చెప్పాడు. వంగిపోయిన గట్టరు వెనక చెక్క కూడా నాని పుచ్చిపోయిందని చూపించి మరీ వెళ్ళాడు.

ఈ సంగతి మా స్నేహితులకి ఎలా తెలిసిందో (మా ఆవిడే, ఇంకెవరు), శనివారం పొద్దున తొమ్మిదింటికి ముగ్గురు డ్రిల్లులతో, చేతి తొడుగులతో వాకిట్లో ఉన్నారు. నేను పిలవలేదు. ఇడ్లీలు తిని వెళ్ళడానికి వచ్చామన్నారు.

ఆ రోజు చూడాల్సింది పెద్దాయననీ మావయ్యగారినీ. ఈయనకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. మావయ్యగారు బయటికొస్తూనే తలెత్తి ఇంటి చుట్టూ తిరిగారు. కరెంటు తీగ ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తున్నారని నాకు తర్వాత తెలిసింది. మా కాలనీలో భూమి లోపలి నుంచి వస్తుందంటే అప్పుడు గానీ నిచ్చెన ముట్టుకోనివ్వలేదు. అల్యూమినియం నిచ్చెన తీగకి పది అడుగుల దగ్గరికి కూడా పోకూడదని పెద్దాయన కూడా తల ఊపాడు.

ముందు పెద్దాయన పైన్ గడ్డి అంతా ఆకులు లాగే పళ్ళ కర్రతో లాగేసి మట్టి బయటపెట్టాడు. పొదలకి మూడడుగులు పక్కన చోటు చూశాడు. నేల ఎత్తుపల్లాలకి నాలాగా పల్లం వైపు చెక్క పెట్టలేదు. మెట్ట వైపు మట్టి తవ్వి, ఆ కాలుని కిందికి దించాడు. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదో. తర్వాత నిచ్చెన కాళ్ళకుండే రబ్బరు పాదాలని తిప్పి, పళ్ళున్న అంచు మట్టిలో దిగేలా పెట్టాడు. పై భాగం లాగి, రెండు పక్కలా లాకులు టక్కుమని పడ్డ చప్పుడు విని, మళ్ళీ చేత్తో తడిమి చూసుకున్నాడు.

వాలు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఒక్కసారే ముందుకెళ్ళారు. మావయ్యగారు గోడ నుంచి అడుగులో అడుగు వేసి కొలిచి ఆగిన చోటు, పెద్దాయన టేపుతో చూస్తే నాలుగున్నర అడుగులు. ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు బయటికి, 18 అడుగులకి అదే లెక్క. పెద్దాయన నిచ్చెన కాళ్ళకి తన బొటనవేళ్ళు ఆనించి నిటారుగా నిలబడి, చేతులు ముందుకి చాపాడు. అరచేతులు ఎదురుగా ఉన్న మెట్టుకి సరిగ్గా తగిలాయి. వెంటనే మావయ్యగారు ఆయన్ని పక్కకి జరిపి, తనూ అలాగే నిలబడి చూశారు. తగిలాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చూశాకే నాతో మాటలు మొదలయ్యాయి.

అసలు వస్తువు అప్పుడు బయటికొచ్చింది. నిచ్చెన తలకి బిగించే ఒక అడ్డ బద్ద, రెండు పక్కలా కొమ్ముల్లా చాచుకుని నాలుగడుగుల వెడల్పు ఉంటుంది, కొసల్లో రబ్బరు దిమ్మలు. ఇక్కడ స్టాండాఫ్ అనో స్టెబిలైజర్ అనో అంటారు. అది పెడితే నిచ్చెన గట్టరుని అసలు తాకదు. రబ్బరు దిమ్మలు గట్టరు దాటి పైకప్పు మీద ఆనుతాయి. గట్టరు మన ఛాతీ ముందు ఖాళీగా ఉంటుంది, రెండు చేతులూ పనికి అందుతాయి. మావయ్యగారికి మాత్రం పూర్తిగా నచ్చలేదు. వాళ్ళ పనిలో నిచ్చెన తలని స్తంభానికి తాడుతో కట్టేదాకా కింద మనిషి కదలడట. పైకెక్కిన కుర్రాడిని రెండు పక్కలా ఊగి చూడమన్నారు. కదల్లేదు. "రెండు చేతులూ చాపి పట్టుకుందన్నమాట" అన్నారు. అయినా కింద కట్టాల్సిందేనని గునపం అడిగారు. నేను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో వెతుక్కునేలోపే చేతులతో పొడిచి చూపించారు, పెద్దాయన వెళ్ళి తన గరాజ్ నుంచి నిలువెత్తు గునపం తెచ్చాడు. దాన్ని గోడ మొదట్లో మట్టిలో దించి, నిచ్చెన కింది మెట్టుకి తాడు వేసి కట్టారు, కాళ్ళు వెనక్కి జారకుండా. ఆ ముడి చూసి పెద్దాయన "క్లోవ్ హిచ్!" అని అరిచాడు. మావయ్యగారికి దాని పేరుతో పనిలేదు, ఆయన దృష్టిలో అది ముడి, అంతే.

కింద మనిషి పట్టుకోవడం గురించి నాకున్న భ్రమ కూడా ఆ రోజే పోయింది. నిచ్చెన సరిగా నిలబెట్టకపోతే, కింద పట్టుకున్న ఒక్క మనిషి పైన పక్కకి జారే తలని ఆపలేడు. నా విషయంలో పెద్దాయన ఆపింది నిచ్చెనని కాదు, లేచిన కాలుని. పైన నేను గట్టరు పట్టుకుని ఉండబట్టి సరిపోయింది. ఆ మాట ఆయనే చెప్పాడు, పొగడ్త వద్దన్నట్టుగా.

పైకెక్కిన మావాళ్ళకి కింది నుంచి ఇద్దరు పెద్దవాళ్ళ పర్యవేక్షణ. పెద్దాయన, బెల్టు బకిల్ రెండు కమ్మీల మధ్యే ఉండాలంటాడు. మావయ్యగారు అదే మాటని "బొడ్డు కమ్మీ దాటకూడదురా అబ్బాయ్" అని అరుస్తారు. అందని చోటుకి వంగబోతే దిగమనేవారు. 40 అడుగుల గట్టరుకి నిచ్చెన పదిసార్లు జరిపారు, పదిసార్లూ మొదటి నుంచి అన్నీ చూసుకున్నారు. బకెట్టు కొక్కేనికి వేలాడదీసి, ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెన మీదే. పై నుంచి నాలుగో మెట్టు దాటి ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. మూడున్నర గంటలు పట్టింది. పుచ్చిన చెక్క మార్చి, రెండేసి అడుగులకి గట్టరుని పట్టి ఉంచే కొత్త హ్యాంగర్లు బిగించి, పది అడుగులకి పావు అంగుళం వాలు వచ్చేలా సుద్ద దారం కొట్టి, చివర్లో హోస్‌తో నీళ్ళు వదిలితే గొట్టంలోంచి గలగలమని కిందికొచ్చాయి. నేను చేసిందల్లా ఒంటి చేత్తో టీలు అందించడం.

క్రాల్ స్పేస్ వాసన తగ్గింది. మా ఆవిడ "నేను చెప్పానా" అని ఒక్కసారి కూడా అనలేదు, దానికి కూడా థాంక్స్ చెప్పుకోవాలి. ముగ్గురు మిత్రులకీ, వాళ్ళ శనివారాన్ని వదులుకున్న వాళ్ళ ఇళ్ళవాళ్ళకీ నమస్కారాలు. మావయ్యగారూ, మిమ్మల్ని లేపకపోవడం నా తప్పే.

పెద్దాయనకి గిఫ్ట్ కార్డు ఇస్తే తిరిగి నా జేబులోనే పెట్టాడు. ఏదైనా చెయ్యాలనుకుంటే తన గట్టరు శుభ్రం చెయ్యమన్నాడు, మోకాలు నొప్పి వల్ల రెండేళ్ళుగా ఎక్కడం మానేశాడట. వచ్చే శనివారం అనుకున్నాం, వాన పడితే ఆ పై వారం. మావయ్యగారి తిరుగు ప్రయాణం డిసెంబరు 10న, ఆ లోపే అయిపోవాలని ఆయన పట్టు. నా చెయ్యి ఇంకా పూర్తిగా మానలేదు కాబట్టి ఈసారి నేను కింద. గునపం ఇప్పటికీ మా గరాజ్‌లోనే ఉంది.