ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం: పచ్చి గుడ్ల సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో వార్షికోత్సవం గురించి రాద్దామనుకున్నాను. కుదరలేదు. రెండు వారాల కిందటి మంగళవారం ఎనిమిదో తరగతి అబ్బాయిలు ముగ్గురు పరుగు సాధనకు ముందు ఒక సీసాలోంచి ఏదో తాగారు, పావుగంట తిరక్కుండానే మైదానం గట్టున వరసగా కూర్చుని వాంతులు చేసుకున్నారు. సాయంత్రానికి మీ వాట్సాప్ గ్రూపుల్లో అది "స్కూల్లో ఫుడ్ పాయిజనింగ్" అయింది, మర్నాటికి ముగ్గురు పిల్లలు పదిహేనుమంది అయ్యారు. ఆరోజు నాకు ఫోన్ చేసి కనుక్కున్న ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు, రాత్రి పదకొండున్నరకు చేసినవారితో సహా.

సీసాలో ఉన్నవి పాలు, అందులో గిలకొట్టిన పచ్చి గుడ్లు. మనిషికి మూడు చొప్పున తొమ్మిది. బడిలో ఎవరూ ఇవ్వలేదు, ఇంటి నుంచే వచ్చింది. అంతా గటగటా తాగేసి ఆరు రౌండ్లు పరిగెడితే కడుపులో ఏం నిలుస్తుంది? డాక్టర్ వచ్చి చూశారు, గంటలో ముగ్గురూ లేచి తిరిగారు. గ్రూపుల్లో అందరూ భయపడిన సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పావుగంటలో బయటపడే రకం కాదు. ఒంట్లోకి చేరాక కనీసం ఆరు గంటలు, ఒక్కోసారి ఆరు రోజులు కూడా పడుతుంది. అందుకని ఆ వారమంతా రోజూ పొద్దున్నే ఆ ముగ్గురి ఇళ్లకూ ఫోన్ చేశాం. ఏమీ కాలేదు. కాలేదు కదా అని ధీమా పడొద్దు. ఆ సూక్ష్మజీవి కోడి అండాశయంలోనే ఉంటే పెంకు కట్టకముందే గుడ్డులోకి చేరిపోతుంది. పెంకు శుభ్రంగా ఉంది, పగుల్లేదు అనుకోవడం వల్ల లాభం లేదు. బాగా వేడి తగిలితేనే అది చస్తుంది.

ఇక అసలు విషయం. ఆ అబ్బాయిల్లో ఒకడిని పిలిచి ఎందుకు తాగావని అడిగితే, "ఉడికిస్తే ప్రోటీన్ చచ్చిపోతుంది మేడమ్" అన్నాడు. ఎవరు చెప్పారంటే ఇంట్లో చెప్పారన్నాడు. ఇంట్లోవాళ్లకు ఎవరు చెప్పారో అడగలేదు. ఫోన్లో ఏదో వీడియో అయ్యుంటుందని ఊహించగలను.

తొమ్మిదో తరగతి బి సెక్షన్ వాళ్లు ఆ మాటను పట్టుకుని ల్యాబ్‌లోకి వెళ్లారు. పరీక్షనాళికల్లో తెల్లసొన పోసి, వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, థర్మామీటర్ పెట్టి, డిగ్రీ డిగ్రీకి రాసుకుంటూ కూర్చున్నారు. 60 దగ్గర ఇంకా జారుతోంది. 65 దాటేసరికి పాలలా తెల్లబడి వణికే ముద్దయింది. 80 దాటాక గట్టిపడి గోడకు అతుక్కుంది. ఒకమ్మాయి మళ్లీ చల్లార్చి చూసింది, తిరిగి నీరవుతుందేమోనని. కాలేదు. "మేడమ్, చచ్చిపోలేదు, విప్పుకుంది" అని నాకు చెప్పడానికి ఆఫీసు దాకా పరిగెత్తుకొచ్చింది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. పచ్చి గుడ్డులో ప్రోటీన్ బిగించి చుట్టిన దారపు ఉండలా ఉంటుంది, మన జీర్ణరసాలకు కొస దొరకదు. పైగా తెల్లసొనలో ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకునే పదార్థాలు కూడా ఉన్నాయి. వేడి తగిలితే ఉండ విడిపోతుంది, కొసలు బయటికొస్తాయి, అడ్డుపడేవాటి బలం కూడా చాలావరకు తగ్గుతుంది.

దీనికి లెక్క కూడా ఉంది. 1998లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు చిన్నపేగు చివరను శస్త్రచికిత్సతో పొట్ట మీదికి తెచ్చిన ఐదుగురి మీద కొలిచి చూశారు. ఉడికిన గుడ్డు ప్రోటీన్‌లో దాదాపు 91 శాతం ఒంటికి పట్టింది, పచ్చిదాంట్లో 51 శాతమే. ఈ రెండంకెలూ నోటీసు బోర్డు మీద పెడితే, ఏడో తరగతి అమ్మాయి ఒకతె పెద్ద గుడ్డుకు 6.3 గ్రాముల ప్రోటీన్ అని పట్టికలో చూసుకుని లెక్క కట్టింది. మూడు పచ్చివి తాగితే 9.6 గ్రాములు, రెండు ఉడికినవి తింటే 11.5. అంతటితో ఊరుకోలేదు. ఐదుగురు పేషెంట్ల లెక్క అందరికీ వర్తిస్తుందా అని తనే అడిగింది. మరుసటి ఏడాది అదే బృందం ఆరోగ్యవంతుల మీద చూసిన అంకెలు, ఉడికినదాంట్లో 94 శాతం, పచ్చిదాంట్లో 65, తీసిచ్చాం. మళ్లీ కట్టి, "ఇప్పుడు మూడు పచ్చివీ రెండు ఉడికినవీ ఇంచుమించు సమానం, నా మొదటి లెక్క ఎక్కువ చేసి చెప్పింది" అని తన కాగితం తనే కొట్టేసుకుంది. పన్నెండేళ్ల పిల్ల! పేరు రాయొద్దని క్లాస్ టీచర్ రెండుసార్లు గుర్తుచేశారు కాబట్టి రాయడం లేదు. వాళ్లమ్మగారికి ఎలాగూ తెలుసు.

నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. లైబ్రరీలో "నిజమేనా?" అని ఒక పుస్తకం పెట్టి మూడేళ్లయింది. పిల్లలు విన్న మాట ఏదైనా ఎడమవైపు పేజీలో రాయాలి, అది నిజమో కాదో ఎలా తేల్చుకున్నారో కుడివైపు రాయాలి. కుడి పేజీలు ఖాళీగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు, ఆ ఖాళీ వాళ్లకు కనబడుతుంటే చాలు. మార్కులకు పనికిరానిది ఎందుకని కిందటేడాది ఒక తండ్రిగారు అడిగారు. అయ్యా, మీ పిల్లవాడికి ఇరవయ్యేళ్లొచ్చాక ఎవరో ఒకరు మందో డబ్బా పొడో వైద్యమో అమ్మజూపుతారు. ఆ రోజు పక్కన మీరుండరు, నేనుండను. "నీకెలా తెలుసు?" అని అడిగే నోరు ఇప్పుడు అలవాటు కాకపోతే అప్పుడెక్కణ్ణుంచి వస్తుంది? మమ్మల్ని అలా ఎదురడిగినా సరే, నేర్చుకోవాల్సిందే. ఒక తల్లిగారు 2022 నాటి పరిశోధన ఒకటి పంపి నన్నే నిలదీశారు. వ్యాయామం చేసిన 45 మంది యువకుల్లో పచ్చి గుడ్లు తాగినవారికీ ఉడికినవి తిన్నవారికీ కండ కట్టడంలో తేడా కనబడలేదని అందులో ఉంది. నిజమే. రక్తంలోకి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ అరిగితే వచ్చే ముక్కలు, మాత్రం ఉడికినవాటితోనే ఎక్కువగా చేరాయి. పచ్చిది మేలని ఆ పరిశోధన కూడా అనలేదు. ఆ కాగితం కూడా పుస్తకంలో అతికించాం. ఆవిడకు నిజంగా కృతజ్ఞురాలిని.

పచ్చి గుడ్డు తాగితే జుట్టంతా రాలిపోతుందన్న మెసేజ్ కూడా చూశాను. తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకునే మాట వాస్తవం. అయితే ఆ లోపం రావాలంటే పచ్చి తెల్లసొన రోజూ, చాలా ఎక్కువగా, వారాల తరబడి తీసుకోవాలి. ఒక్క మంగళవారంతో రాదు.

ఇళ్లలో గమనించమని కోరేవి కొన్ని. రాత్రి ఉడికించిన గుడ్డు మర్నాడు డబ్బాలో పెట్టాలంటే రాత్రంతా బల్ల మీద వదలకండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తే పాడైందని పారేయకండి, ఎక్కువసేపు ఉడికింది, అంతే. దించగానే చన్నీళ్లలో వేస్తే రాదు. గుడ్డు తినని ఇళ్లవారు ఇదంతా తమకు కాదనుకోవద్దు, పప్పులైనా చిక్కుళ్లైనా ఉడికించుకునే కదా తింటాం. మొదటి పీరియడ్‌లోనే కళ్లు తిరుగుతున్నాయని వచ్చే పిల్లలను "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగితే "టైమ్ లేదు" అంటున్నారు. అదే పిల్లలు రాత్రి ఎన్నింటిదాకా ఫోన్ చూశారో కూడా చెబుతున్నారు, నేను అడగకుండానే. మీకు ఎన్ని పనులుంటాయో నాకు తెలియక కాదు.

మిగతావి: వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం, లైబ్రరీ పుస్తకాలు నెలాఖరుకల్లా తిరిగివ్వాలి, గేటు దగ్గర బళ్లు అడ్డంగా ఆపకండి, వార్షికోత్సవం సంగతి వచ్చే నెల.

ఆ సీసా కడిగించి ఆఫీసులో ఉంచాం. మూత దొరకలేదు. ఎవరిదో వారు వచ్చి తీసుకెళ్లగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు