శాతాలు సరే, సీట్లు లెక్కపెట్టారా?

అయ్యా,

అమెరికాలో 2021 కాలేజీ బేస్‌బాల్ సీజన్‌లో కొవిడ్ వల్ల ప్రేక్షకులను సీట్లలో 25 శాతం మేరకే రానివ్వాలా, 50 శాతమా అని అభిమానులు తెగ వాదించుకున్నారు. అసలు లెక్క సీట్లది. సీటు వెడల్పు సుమారు 19 అంగుళాలు. మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం కావాలంటే నడుమ మూడు సీట్లు వదలాలి, వరుస విడిచి వరుస ఖాళీ ఉంచాలి. ఇద్దరిద్దరుగా కూర్చుంటే నిండేది 20 శాతమే. నలుగురేసి అయితే సుమారు 29. విడి టికెట్లయితే పన్నెండున్నర దాటదు! కాబట్టి 50 శాతం అన్నచోట ఆరడుగుల నియమం కాగితం మీదే. ‘ఆరుబయటే కదా’ అన్న మాట గ్యాలరీకి కొంత నప్పుతుంది గానీ మరుగుదొడ్ల క్యూకి నప్పదు. జూన్‌లో సీజన్ చివరి టోర్నీ, కాలేజీ వరల్డ్ సిరీస్, జరిగిన ఒమాహాలో గ్యాలరీలన్నీ తెరిచారు. కొవిడ్ కారణంగా మధ్యలో ఇంటిదారి పట్టింది మాత్రం నార్త్ కరోలినా స్టేట్ జట్టు.

– ఒక బేస్‌బాల్ అభిమాని