కాలిన మచ్చకు వైద్యం సోకు కాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మచ్చలు ఒక్క సిట్టింగ్‌లో మాయమవుతాయని అరపేజీ వ్యాసం వేశారు. దాని కిందే అదే క్లినిక్ ప్రకటన. ఏ మచ్చా పూర్తిగా మాయం కాదు. లేజర్ చేసినా, ఉబ్బిన మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినా నెలల తరబడి విడతలుగా మెత్తబడి, అణుగుతుందంతే. గాయం హద్దు దాటి ఉబ్బి పెరిగే మచ్చను, అంటే కీలాయిడ్‌ను, ఊరికే కోసి తీసేస్తే ఒక్కోసారి ముందుకన్నా పెద్దదై లేస్తుంది. ఆ ముక్క ఒక్కటైనా రాయలేదేం?

మా మేనకోడలికి ఐదేళ్లప్పుడు మెడ మీద, ఛాతీ మీద వేడి గంజి ఒలికింది. పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు, వాళ్లకు దణ్ణం పెడతాం. కానీ పుండు మానగానే ఇంటికి పంపేశారు. అసలు బాధ మొదలయ్యేదే అప్పుడు. మానిన చర్మం నెలనెలా గట్టిపడి, ముడుచుకుని, గడ్డాన్ని కిందికి లాగేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే మచ్చను అదిమిపెట్టే బిగుతు తొడుగు, ఒంటి కొలతలకు కుట్టిన ప్రెషర్ గార్మెంటు, రోజుకు 23 గంటల చొప్పున ఏడాది దాకా వేసుకోవాలి. మచ్చ మీద సిలికాన్ షీటు అంటించాలి, మెడకు కసరత్తు చేయించాలి. ఆ తొడుగు కొన్ని నెలలకే సాగిపోతుంది, పైగా ఎదిగే పిల్ల. మళ్లీ కొత్తది, మళ్లీ వేల రూపాయలు. కూలికెళ్లే ఇంట్లో ఎక్కణ్నుంచి తెస్తారు? సర్కారు ఉచిత వైద్య పథకం కార్డు చూపిస్తే, "ఇవి అందం కోసమమ్మా, పథకంలోకి రావు" అన్నారు. మెడ అతుక్కుపోయాక ఆపరేషన్‌కైతే వస్తుందట! తల పైకెత్తి బోర్డు చూడలేని పిల్లకు ఇది అందం గొడవా?

యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రులు సైతం ప్లాస్టిక్ సర్జరీతో సహా ఉచితంగా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. కాలిన మొహానికి వైద్యం సోకు కాదని కోర్టు గుర్తించింది. పొయ్యి దగ్గర కాలినవాళ్ల విషయంలో మన అధికారులకు అదెందుకు తట్టదు?

ఇక మందుల షాపులు. మొహం మీద చిన్న మచ్చ ఉందంటే చాలు, చీటీ అడక్కుండా స్టెరాయిడ్ క్రీము చేతిలో పెడుతున్నారు. వాటిని 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. నెలల తరబడి పూసుకున్న ఆడపిల్లల చర్మం పలచబడి, ఎండలోకి వెళితే మండుతోంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మా ఊరి షాపులవైపు వచ్చిన జాడే లేదు. సందుకొకటి చొప్పున వెలుస్తున్న లేజర్ సెంటర్లలో ఆ మిషను పట్టుకున్నది డాక్టరో కాదో అడిగే నాథుడూ లేడు.

ఇలాంటివి నిలదీయాల్సిన పత్రిక మీరు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో చదువుతున్న పత్రిక. వైద్య వ్యాసమైతే రాసిన డాక్టరు పేరు, అర్హత వేయండి. డబ్బు తీసుకుని వేసినదైతే పైన 'ప్రకటన' అని పెద్దక్షరాల్లో వేయండి. పథకం జాబితా రాసే అధికారులు ప్రెషర్ గార్మెంట్లు, సిలికాన్ షీట్లు, ఏడాది ఫిజియోథెరపీ అందులో చేర్చాలి. దీపావళి వస్తే టపాసులతో కాలిన పిల్లలు మళ్లీ కాలిన గాయాల వార్డులకే వస్తారు, ఈలోపే చేర్చాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి