మంత్రి గారూ, మా మట్టి గోడకి బిల్లు ఎప్పుడు?

గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

దీన్ని నా నాలుగో అర్జీ అనుకోండి. ముందు మూడూ సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. మూడింటికీ రసీదులున్నాయి, మూడింటికీ కొన్నాళ్లకి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కారమయిందో నాకు ఇప్పటికీ తెలీదు. మా అమ్మ మాత్రం ఇంకా బరకం కిందే పడుకుంటోంది. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది, తప్పయితే మన్నించండి.

మాది ఉద్దానం. ఇల్లు మంజూరైంది, బేస్‌మెంట్ బిల్లు పడింది, అంతవరకూ ఏ గొడవా లేదు. గోడలు మాత్రం కాల్చిన ఇటుకతో కాకుండా మా సొంత మట్టితో ఒత్తిన బ్లాకులతో కట్టాం. అక్కడి నుంచి బిల్లు ఆగిపోయింది. ఫొటో తీయడానికి వచ్చినాయన గోడని తాళంచెవితో గీకి చూసి, ‘ఇది మట్టిల్లు కదండీ, పక్కా ఇంటి కిందకి రాదు’ అని ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. గీకిన చోట సరిగ్గా గీత కూడా పడలేదు సార్. ఆ గుర్తుని నేను రోజూ చూస్తున్నాను.

మట్టి అనగానే ఏదో పిసికి పెట్టేశామని అనుకోకండి. పైన అడుగు లోతు మట్టి, వేర్లూ ఆకులూ కలిసినది, తీసి తోటలో పోశాం. కింద తగిలిన ఎర్రమట్టినే వాడాం. ముందు గాజు సీసాలో మట్టి వేసి, నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు కలిపి కుదిపి మర్నాటిదాకా కదపకుండా ఉంచాం. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంకమట్టి పొరలుగా తేలాయి. ఇసుక ఎక్కువ, బంక తక్కువ, అదే కావాల్సింది. నల్లరేగడి అయితే నేనే వద్దనేవాణ్ణి, అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. పన్నెండు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి, జల్లెడ పట్టి, చేత్తో ఒత్తే మెషీన్ అద్దెకి తెచ్చి నేనూ మా బావా తమ్ముడూ రోజుకి రెండు వందల బ్లాకుల దాకా తీశాం. నాలుగు వారాలు గోనెపట్టాలు కప్పి పొద్దునా సాయంత్రం తడిపాం. బట్టీ లేదు, కట్టెలు లేవు, పొగ లేదు, లారీ కిరాయి లేదు. ఇటుక కోసమైతే ఎవరి పొలం పైమట్టినో గీకి తెచ్చి కాల్చాలి కదా, ఆ మట్టి మళ్లీ రావడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతుని అడగండి. మేం తవ్విన గొయ్యి ఈ వానకి నిండింది, తోటకి ఆ నీళ్లే పెడుతున్నాం.

ఇదేమీ నా సొంత ప్రయోగం కాదు. ఇలాంటి బ్లాకులకి ఐఎస్ 1725 అని దేశమంతటికీ ఒక ప్రమాణం ఉంది, 1982లో సవరించారు, 2013లో మళ్లీ సవరించారు. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో 1970ల నుంచి దీని మీద పని చేశారు. 2001 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో ఈ రకం బ్లాకులతో ఇళ్లు కట్టారు. కేంద్రం గ్రామీణ ఇళ్ల పథకం మార్గదర్శకాల్లోనే స్థానికంగా దొరికే సామగ్రి వాడమని ఉంది. ఇవన్నీ మీ శాఖకి తెలియనివి కావు. మరి మా ఊరికి వచ్చేసరికి ఎందుకు మట్టిల్లు అయిపోతోంది?

తుపాను వస్తే నిలబడదు అన్నారు ఆఫీసులో. తుపాను గురించి మాకు చెప్పాలా సార్? 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి మేం ఎలా బతికామో ఉద్దానంలో ఎవర్ని అడిగినా చెబుతారు, తెల్లారేసరికి కొబ్బరీ జీడీ నేలమీదున్నాయి. మా నానమ్మ చుట్టిల్లు తాటాకు కప్పు పోయింది, గుండ్రటి మట్టి గోడ మాత్రం అలాగే ఉంది. మట్టికి శత్రువు గాలి కాదు, నీళ్లు. అందుకే అడుగున రెండడుగులు కొండరాయి, సిమెంటుతో లేపాం. చూరు రెండడుగులు బయటికి ఉండేలా శ్లాబు వేద్దామనుకున్నాం, తలుపులూ కిటికీల పైన, లింటెల్ దగ్గర చుట్టూ ఇనుప చువ్వలతో కాంక్రీటు బెల్టు కూడా వేశాం. శ్లాబుకే డబ్బులు కావాలి, ఆ డబ్బులే మీ దగ్గర ఆగాయి.

రెండో అర్జీ రోజు ఒక బ్లాకుని రాత్రంతా బకెట్లో నానబెట్టి, తడిదాన్నే గోనెసంచిలో కట్టుకుని బండి మీద తీసుకెళ్లాను. అంచు కూడా రాలలేదు. గేటు దగ్గర రాయి లోపలికి తేకూడదన్నారు. సరే, బయట పెట్టి లోపలికి వెళ్లాను. ఎవరూ బయటికి వచ్చి చూడలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

అడిగేది ఎక్కువేం లేదు. ఎవరైనా ఇంజినీరుని పంపించండి, నాలుగు బ్లాకులు పట్టుకెళ్లి ల్యాబులో పెట్టి పగలగొట్టి చూడండి. బలం లేకపోతే నేనే కూల్చి మళ్లీ కడతాను, రాసిస్తాను. బలం ఉంటే మా బిల్లు ఇప్పించండి, మట్టి బ్లాకు గోడలకి బిల్లు ఇవ్వొచ్చని ఒక్క ఉత్తర్వు కింది వాళ్లకి రాసి పంపండి. నోటితో చెబితే ఎవరూ సంతకం పెట్టడం లేదు, వాళ్ల భయం వాళ్లది. మా ఊళ్లో ఇంకో ఇద్దరు నా గోడ చూసి కడదామనుకున్నారు, నా బిల్లు సంగతి చూసి అప్పు చేసి ఇటుక లోడు దింపించుకున్నారు. దయచేసి చూడండి సార్. చలికాలం వచ్చేస్తోంది, మా అమ్మ ‘ఇంకెన్నాళ్లురా ఈ బరకం’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సోమవారం మళ్లీ వస్తున్నాను. బ్లాకు కూడా తెస్తాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక లబ్ధిదారుడు