ఆర్.ఇ.ఎమ్. అభిమాన మిత్రులకు

మిత్రులారా, 2011 సెప్టెంబరు 21న అమెరికన్ రాక్ బృందం ఆర్.ఇ.ఎమ్. విడిపోయాక చాలాకాలం వాళ్ల ఆల్బమ్‌లు వినలేకపోయాను. ఈ వారం మొదటినుంచీ మళ్లీ వింటున్నాను. 1983 నాటి ‘మర్మర్’లో మైకేల్ స్టైప్ పాడే మాటలు సగం అందవు, అయినా పీటర్ బక్ గిటారు వదిలిపెట్టనివ్వదు.

1992లో వచ్చిన ‘ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్’ దగ్గర మాత్రం ఆగిపోయాను. మరణం గురించి అంత మెత్తగా మాట్లాడిన రాక్ ఆల్బమ్ నాకు మరొకటి తెలియదు. అందులో కొన్ని పాటలకు తీగవాద్యాల కూర్పు లెడ్ జెప్పెలిన్ బృందపు జాన్ పాల్ జోన్స్‌ది!

డ్రమ్మర్ బిల్ బెర్రీ 1997లో వెళ్లిపోయాక, మరుసటి ఏడాది వచ్చిన ‘అప్’ను మనం చిన్నచూపు చూశామనిపిస్తోంది. మిగిలిన ముగ్గురూ ఆ వెలితిని దాచలేదు. ఆదివారం రాత్రి దాన్ని పూర్తిగా విని, మీకు ఏ పాట నిలిచిపోయిందో ఇక్కడ రాయండి.