మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2024–25)

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన సంఘం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. వినాయక చవితి, ఉగాది పంచాంగ శ్రవణం, హంద్రీ నది వైపు మురుగుకాలువలో పూడిక తీయించడం, రెండో వీధి చివర దీపాలు వేయించడం ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు కనుక నేను మళ్లీ ఎత్తను. ఈ ఏడాది కార్యవర్గానికి వచ్చిన ఫిర్యాదుల్లోనూ మెచ్చుకోళ్లలోనూ ఎక్కువ భాగం వేసవి సెలవుల్లో పిల్లలకు చూపిన ఒక టీవీ ధారావాహిక గురించి, దాని వెనకాలే వచ్చిన ఒక ఆదివారం గురించి. అందుకే ఈ నివేదికలో చాలా భాగం ఆ రెండింటికే కేటాయించాను.

ఆ ధారావాహిక పేరు ‘ది ట్రైబ్’. రేమండ్ థాంప్సన్, హారీ డఫిన్ అనే ఇద్దరు దాన్ని రూపొందించగా, క్లౌడ్ 9 సంస్థ న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ పరిసరాల్లో చిత్రీకరించింది. 1999 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని ఛానెల్ 5లో మొదలై 2003 దాకా ఐదు భాగాలుగా, మొత్తం 260 ఎపిసోడ్లు వచ్చింది. మన సభ్యులొకరి అబ్బాయి విదేశం నుంచి వస్తూ తెచ్చిన డీవీడీల్లో మొదటి భాగం మాత్రమే ఉంది. అందులో 52 ఎపిసోడ్లు. సాయంత్రానికి రెండు చొప్పున 26 సాయంత్రాలు మన హాల్లో తెర కట్టి వేశాం. ఎన్నికల ప్రచారం మైకుల హోరుకు కొన్నాళ్లు సంభాషణలు సరిగా వినపడలేదు. పోలింగ్ జరిగిన మే 13న మాత్రం ప్రదర్శనకు సెలవిచ్చాం.

చూడని సభ్యుల కోసం కథ టూకీగా చెబుతాను. ఏదో వైరస్ సోకి లోకంలో పెద్దలందరూ పోతారు. పిల్లలు, పదహారు పదిహేడేళ్ల కుర్రకారు మాత్రమే మిగులుతారు. నగరం ముఠాల పాలవుతుంది. పోలీసు కారెక్కి, చక్రాల బూట్ల మీద తిరుగుతూ లోకోలనే ముఠా వీధులను ఏలుతుంటే, దిక్కులేని కొందరు మూతపడ్డ ఒక షాపింగ్ మాల్‌లో చేరి తమకు మాల్ ర్యాట్స్ అని పేరు పెట్టుకుంటారు. వాళ్లకు పెద్దదిక్కుగా నిలిచే ఆంబర్, వైద్యం మీద మనసున్న డాల్, యంత్రాలతో కుస్తీ పట్టే జాక్, కండబలం చూసుకుని పెత్తనానికి ఎగబడే లెక్స్, నిండు గర్భిణి అయిన ట్రూడీ, ఆమెను వెంటబెట్టుకుని వచ్చే బ్రే ఇందులో ముఖ్యులు. లోకోల నాయకుడు జూట్ ఎవరో కాదు, ఆ బ్రే తమ్ముడే. అసలు పేరు మార్టిన్. ఈ అన్నదమ్ముల సంగతి బయటపడిన సాయంత్రం మన హాల్లో ఈల వేసింది పిల్లలు కాదు, వెనక వరుసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు. విడిపోయిన అన్నదమ్ముల కథంటే మనకు ఆ మాత్రం మోజు ఎప్పుడూ ఉన్నదే.

సంభాషణలు ఇంగ్లీషులో, అదీ న్యూజిలాండ్ యాసలో ఉండడంతో మొదటి రోజు సగం మందికి ఏమీ అర్థం కాలేదు. రెండో రోజు నుంచి ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి పది నిమిషాలకోసారి డీవీడీ ఆపి, జరిగింది తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి గురించి ఒక మాట చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కరోనా కేసులు కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజుల్లో, ఆమె తల్లిదండ్రులిద్దరినీ ఒకే రాత్రి అంబులెన్సులో తీసుకుపోయారు. ఆ ఇంట్లో ఆమె, ఆమె తమ్ముడు మాత్రమే మిగిలారు. పక్కిళ్ల వాళ్లం గేటు మీద క్యారియర్లు తగిలించి వచ్చామని, బాధ్యత తీరిందని అనుకున్నాం. మాల్‌లోని పిల్లలు తిండి కోసం వెతుకులాడే ఘట్టం దగ్గర ఆ అమ్మాయి డీవీడీ ఆపి, కథ చెప్పడం మాని తన సంగతి చెప్పింది. ‘రెండో రోజు గ్యాస్ అయిపోయింది. నిండు సిలిండరు వంటింట్లోనే ఉంది. రెగ్యులేటర్ విప్పడం మాకు రాదు. ఫోన్ చేస్తే అమ్మ భయపడుతుందని చెయ్యలేదు. రెండు పూటలా బొరుగులు నానబెట్టుకుని తిన్నాం’ అని చెప్పి, మళ్లీ డీవీడీ నడిపింది. నాలుగేళ్లుగా ఆ ఇంటి ముందు నుంచి రోజూ నడుస్తున్న నాకు ఈ సంగతి ఆ రోజే తెలిసింది.

ప్రదర్శనల మీద అభ్యంతరాలు రాకపోలేదు. మొహాలకు రంగులు, చింపిరి జుట్టు, కొట్లాటలు మన పిల్లలకెందుకని కొందరన్నారు. దీన్ని కార్యవర్గం పెద్దగా పట్టించుకోలేదు. రోజూ రాత్రి మన ఇళ్లలో నడిచే సీరియళ్లలో విషం కలిపే పాలగ్లాసుల కంటే అవి ప్రమాదకరమని నాకూ అనిపించలేదు. పెళ్లి కాని పిల్ల గర్భవతి కావడాన్ని తెర మీద చూపడంపై వచ్చిన అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని కూర్చుని చర్చించాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. ఈడు రాకుండానే కాన్పుకు వెళ్లే పిల్లలు మన చుట్టూనే ఉండగా ట్రూడీ ఒక్కతే పరాయిది ఎలా అవుతుందని మహిళా సభ్యులు అడిగారు. ఆ ఎపిసోడ్లు వేసిన రోజు ఆశా కార్యకర్తను పిలిపించి ఆడపిల్లలతో విడిగా మాట్లాడించడంతో చర్చ ముగిసింది. ఈ నిర్ణయం మహిళా సభ్యులదే, కార్యవర్గానిది కాదని నమోదు చేస్తున్నాను.

పెద్దవాళ్లను మాత్రమే ఎంచుకుని చంపే రోగం ఉంటుందా, ఇదంతా కట్టుకథ కాదా అని ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగాడు. మన సభ్యుల్లో రిటైరైన ఒక జీవశాస్త్రం మాస్టారు దానికి ఓపికగా జవాబిచ్చారు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ముసలివాళ్ల కంటే, బడిపిల్లల కంటే ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వాళ్లనే ఎక్కువగా బలి తీసుకుందని, ప్రపంచంలో అత్యధిక మరణాలు మన దేశంలోనేనని వివరించారు. ఇంట్లో సంపాదించే చెయ్యి, వండే చెయ్యి పోయి, అవ్వ, మనవడు మిగిలిన కొంపలు ఆ ఏడాది లెక్కలేనన్ని. ఈ ధారావాహిక ఆ అవ్వను కూడా తీసేసి, మనవడికి ఏమవుతుందని అడుగుతోందని మాస్టారు అన్నారు. పెద్దలందరినీ ఒక్క దెబ్బకు తుడిచిపెట్టడం కథకుడి వెసులుబాటేనని కూడా ఆయన ఒప్పుకున్నారు.

మూడో వీధిలో ఉండే, చెవులు వినిపించని పదమూడేళ్ల అబ్బాయి మొదటి రోజు నుంచీ ముందు వరుసలోనే కూర్చున్నాడు. కథలో ప్యాట్సీ, పాల్ అని కవలలున్నారు. పాల్‌కు వినపడదు, చేతులతో మాట్లాడతాడు. తెర మీద ఆ పిల్లవాడి చేతులు కదలగానే మన అబ్బాయి లేచి నిలబడ్డాడు, ఆ వెంటనే నవ్వేశాడు. అక్కడి సైగలు వేరు, మన దేశపు సైగలు వేరు అట. అందులో ఒకటి మన దగ్గర వేరే అర్థం ఇస్తుందని వాళ్ల అక్క చెప్పింది. ఏం అర్థమో మాత్రం చెప్పలేదు. వారం తిరిగేసరికి హాల్లో పిల్లలంతా ‘నీళ్లు’, ‘చాలు’, ‘పక్కకు జరుగు’ అనే సైగలు అతని దగ్గర నేర్చుకున్నారు.

మొదటి భాగం అయిపోయాక పిల్లలే ఒక వినతి తెచ్చారు. ఒక ఆదివారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పెద్దలెవరూ గడప దాటకూడదని, కాలనీ పనులన్నీ పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లే చూసుకుంటారని అందులో కోరారు. కరెంటు పని, వైద్యం మినహాయించి జూన్ మొదటి ఆదివారానికి ఒప్పుకున్నాం.

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. క్రికెట్ ఆడే కుర్రాళ్ల జట్టు తెల్లవారకముందే మోటారు గది తాళంచెవి చేజిక్కించుకుని, మొదట తమ వీధికే నీళ్లు వదులుతామంది. లెక్స్ వచ్చాడ్రా అని మిగతా పిల్లలు గోల చేశారు. గొడవ పావుగంట నడిచింది. తీరా స్టార్టర్ వేస్తే మోటారు తిరుగుతోంది గాని ట్యాంకుకు నీరు ఎక్కడం లేదు. అందరూ గొట్టం దగ్గర చెవి పెట్టి, నీళ్లు పోతున్నాయని ఒకడు, లేదని ఒకడు వాదించుకుంటూ ఉండగా, వినికిడి లేని అబ్బాయి వచ్చి గొట్టం మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. చెయ్యి తీసి, ‘నీళ్లు’ సైగ చేసి తల అడ్డంగా ఊపాడు. నీరు పారే గొట్టం చల్లబడుతుంది, సన్నగా వణుకుతుంది. వట్టి గొట్టానికి మోటారు అదురు ఒక్కటే ఉంటుంది. పైపులో గాలి పట్టిందని అప్పుడు తేలింది. అలాంటప్పుడు మోటారు ఆపి, పైన బిరడా విప్పి, బిందెడు నీళ్లు పోసి మళ్లీ వేయాలని మన వాచ్‌మన్ తాతకు తెలుసు. అది తెలిసింది ఆయనొక్కడికే. నిబంధన ప్రకారం ఆయన గది దాటకూడదు కనుక, కిటికీలోంచి అంతా చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నాడు. పిల్లలు తమంతట తాము ఆ కిటుకు పట్టుకునేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆ లోపు ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఏ వీధికి ఎంతసేపు నీళ్లో ట్యాంకు గోడ మీద సుద్దముక్కతో రాసేసింది. ఆ అమ్మాయిని నాయకురాలని ఎవరూ అనలేదు, తానూ అనుకోలేదు. తాళంచెవి మాత్రం ఆమె చేతికి వచ్చింది. ఎవరు వదిలితే మీకు నచ్చిందని తర్వాత అడిగితే ఒకటో వీధి అవ్వ, ‘ఎవురు వదిల్తే నాకేంది నాయనా, నా బిందె నిండినాదా లేదా’ అన్నారు.

చెత్తబండి, పాలు, కూరగాయల సంగతులు సజావుగా గడిచాయి. మధ్యాహ్నం ఉగ్గాని చేశారు, ఉప్పు ఎక్కువైంది. షుగరున్న ఒక పెద్దాయన పన్నెండు గంటల మాత్ర ఒంటిగంటకు అందిందని వారి కుటుంబం ఫిర్యాదు చేసింది. అది న్యాయమైన ఫిర్యాదు. వైద్యాన్ని మినహాయించామని అనుకున్నాం గాని, మాత్ర అందించడం వైద్యంలోకి వస్తుందో రాదో మేమే ముందుగా తేల్చుకోలేదు. తప్పు కార్యవర్గానిది.

ఆ వారం జరిగిన సమావేశంలో పిల్లలు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు మనవాళ్లు ఏ మేడ ఎక్కారు, ఎవరి దగ్గర తాడు ఉంది, ఏ దారి ముందుగా మునిగిందన్నది మొదటిది. ఆ రాత్రి ఇక్కడున్నవాళ్లు అప్పటికప్పుడు ఆరేడు సంగతులు చెప్పారు, వాటిలో రెండు ఒకదానికొకటి పొసగలేదు. పదిహేనేళ్లలో ఇదంతా ఎందుకు రాసి పెట్టలేదన్నది రెండో ప్రశ్న. దానికి జవాబు చెప్పినవాళ్లు లేరు.

రాబోయే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదిస్తున్నవి ఇవి. వాల్వులు ఎక్కడున్నాయో, ఏది ఎన్ని చుట్లు తిప్పాలో, వరదలో ఏ వీధి ముందు మునుగుతుందో చూపే పటాన్ని పిల్లల చేతే గీయించి హాల్లో తగిలించాలి. నెలకో ఆదివారం వాచ్‌మన్ తాత దగ్గర ఇద్దరేసి పిల్లలు మోటారు పని నేర్చుకోవాలి. అందుకు ఆయనకు అదనంగా ఇవ్వాల్సిన మొత్తాన్ని సభ ఆమోదించాలి. సిలిండరు మార్చడం, ఫ్యూజు సంగతి ఎవరి ఇంట్లో వాళ్లు నేర్పాలని కోరుతున్నాం. ధారావాహిక రెండో భాగం దొరికితే వేద్దామా వద్దా అన్నది ఓటుకు పెడతాం. ఈసారి ఆ ఓటు పిల్లలకూ ఉండాలని వాళ్లు లిఖితపూర్వకంగా అడిగారు. సంఘం నియమావళి అందుకు ఒప్పుకోదని ఉపాధ్యక్షులు గారి అభిప్రాయం, నాది కాదు.

మోటారు గదికి రెండో తాళంచెవి చేయించాం. అది ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గర, వాళ్లింటి పూజగదిలో మేకుకు వేలాడుతోంది.

ఇట్లు,
కార్యదర్శి